మందు లేని గదిలో ఎర

ముందు వాసన వస్తుంది.

నలిపిన కొత్తిమీర వాసన. కొంచెం తియ్యగా, కొంచెం మురిగినట్టుగా. తలుపు తీయగానే ముక్కుకు తగులుతుంది. ఇంట్లోవాళ్లకు తెలియదు. వాళ్లు అందులోనే పడుకుంటారు, అందులోనే లేస్తారు. బయటి నుంచి వచ్చినవాడికే తెలుస్తుంది.

అతనికి తెలుస్తుంది.

అతనికీ ఒక పేరుంది గానీ దాంతో ఎవరికీ పని పడలేదు. నల్లులాయన అంటారు. నల్లులాయన వచ్చాడంటే ముందు కిటికీలు మూసేస్తారు. ఇంట్లో నల్లులున్నాయని పక్కింటికి తెలిస్తే పరువు పోదూ! వీపు మీద మందు డబ్బా, చేతిలో టార్చిలైటు, జేబులో పలచటి రేకు ముక్క. ఆ రేకును పరుపు కుట్లలోకి, మంచం అతుకుల్లోకి, గోడ పగుళ్లలోకి దూర్చి మెల్లగా లాగుతాడు. తీగ లాగితే డొంకంతా కదులుతుంది. ఒక్కటి బయటపడితే చాలు, మిగతావి ఎక్కడ కాపురం ఉన్నాయో అతనికి అర్థమైపోతుంది.

పగలు వెతికితే చాలా ఇళ్లలో ఏమీ కనిపించదు.

ఏమీ కనిపించడం లేదండీ, వాటంతటవే పోయినట్టున్నాయి అంటారు ఇంటివాళ్లు. ప్రతి ఇంట్లో ఇదే మాట. ప్రతి ఇంట్లో అతని జవాబూ ఒకటే.

"కనిపించకపోతే లేనట్టు కాదండీ. తిండి లేకపోయినా నెలల తరబడి పగుల్లో పడి ఉంటాయి. చచ్చాయనే అనుకుంటాం. మనిషి వచ్చి పడుకున్నాడా, లేస్తాయి."

అందుకే అతని పనిలో ఒక పద్ధతి ఉంది.

మందు కొట్టాక మంచం మారకూడదు. అదే గది, అదే మంచం, అదే మనిషి. మనిషి ఒంటి వెచ్చదనం, ముక్కులోంచి వచ్చే ఊపిరి... వాటికి అదే పిలుపు. పిలుపు అందితే పగుల్లోంచి కదులుతాయి. కదిలితే మందు మీదుగా నడవాలి. నడిస్తే చస్తాయి. భయపడి పక్క గదిలోకి మకాం మార్చారో, సగం పగుళ్లలోనే ఉండిపోతాయి, సగం వెనకాలే పక్క గదిలోకి వస్తాయి.

ముందు మందు. తర్వాత ఎర.

మమ్మల్నే ఎర వేస్తావుటయ్యా అని నవ్వేవాళ్లున్నారు. తిట్టేవాళ్లూ ఉన్నారు. ఎలుకల మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకునే రకం ఇంకొందరు — మంచాన్నీ పరుపునూ వీధిలో పారేస్తామంటారు. అతను అందరికీ ఓపిగ్గా నచ్చజెబుతాడు. అందరూ చివరికి అదే మంచం మీద పడుకుంటారు.

అతని ఒంట్లోనూ అలా దాక్కున్నవి ఉన్నాయి.

ఎలా వచ్చింది అని అడిగేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. వచ్చింది. పెళ్లికి చాలా ముందు. హెచ్‌ఐవీ అని ఆసుపత్రిలో చెప్పిన రోజు అతను ఎండలో ఎటో నడుచుకుంటూ పోయాడు. కాళ్లు నొప్పెట్టాక ఇంటికి తిరిగొచ్చాడు. మర్నాటి నుంచి మాత్ర మొదలుపెట్టాడు.

రోజుకొకటి. భోజనం చేశాక. పొడుగ్గా, తెల్లగా, గొంతులో ఒక్క క్షణం ఆగి దిగే మాత్ర.

కొన్నాళ్లకు రక్తంలో ఆ క్రిములెన్నో చెప్పే అంకె దిగింది. ఇంకా దిగింది. ఆ తర్వాత ఎప్పుడు పరీక్ష చేసినా ఒకటే మాట — కనిపించలేదు.

మొదటిసారి ఆ మాట విన్నప్పుడు అతను డాక్టరమ్మను అడిగాడు, కనిపించలేదంటే పోయినట్టేనా అని. ఆవిడకు ఇతని వృత్తి తెలుసు. ఆవిడ ఇంటి మంచాలకు మందు కొట్టింది ఇతనే. ఆ ప్రశ్న మీరు అడుగుతున్నారా అని నవ్వింది. నవ్వి, కుర్చీ దగ్గరికి జరుపుకుని చెప్పింది.

ఒంట్లో కాపలా కాసే కణాలుంటాయి. వాటిలో కొన్నింటి ఉద్యోగం పాత జబ్బుల్ని గుర్తుపెట్టుకోవడం. గుర్తుపెట్టుకుని నిద్రపోతాయి. ఏళ్లకేళ్లు. ఆ జబ్బు మళ్లీ వస్తే లేస్తాయి, రాకపోతే పడుకునే ఉంటాయి. ఈ క్రిమి పోయి పోయి వాటిలో దూరింది. కణం తన బతుకు రాసిపెట్టుకున్న చోటే తన రాతనూ కలిపేసింది. కణం నిద్రపోతే అదీ నిద్రపోతుంది. కణం ఒకటి రెండైతే అదీ రెండవుతుంది. నిద్రపోయేదాన్ని ఒంటి కాపలా గుర్తుపట్టలేదు, మాత్ర ముట్టుకోలేదు. రోజూ ఎక్కడో ఒకటో రెండో లేస్తూనే ఉంటాయి. లేచి బయటికి వచ్చినవి ఇంకో కణంలోకి దూరకుండా మాత్ర తలుపు వేసి పట్టుకుంటుంది.

అంతే చేస్తుంది. అంతకన్నా చెయ్యలేదు.

నివురు గప్పిన నిప్పన్నమాట అన్నాడు అతను. అవును, నివురు కదపకండి అంది డాక్టరమ్మ.

ఇదంతా అతను శ్రద్ధగానే విన్నాడు. సగం గుర్తుపెట్టుకున్నాడు. నిద్రపోతున్నాయి, మాత్ర వాటిని చంపలేదు — ఈ సగం. రోజూ కొన్ని లేస్తూనే ఉంటాయి, తలుపు వేసి ఉంచాలి — ఆ రెండో సగం మనసులో ఎక్కడో జారిపోయింది. జారిపోయిన సంగతి అతనికి చాలా ఏళ్లు తెలియలేదు.

అతని భార్య పరుపులు కుడుతుంది.

ఊళ్లో జోకు అది. ఆవిడ కుడుతుంది, ఆయన విప్పుతాడు, ఇద్దరికీ పనికి లోటు లేదు అని. పరుపుల షెడ్డులో నల్లులు పడ్డాయని యజమాని పిలిపిస్తే వెళ్లినప్పుడే ఆమెను చూశాడు. దూది దుమ్ము జుట్టంతా పట్టి, నోట్లో రెండు సూదులు పెట్టుకుని, మాట్లాడుతూనే ఉంది. సూదులు జారలేదు. ఆ రోజు అవసరానికి మించి మందు కొట్టాడు, రెండుసార్లు తిరిగి వెళ్లాడు, మూడోసారి పనేమీ లేకుండానే వెళ్లాడు.

పెళ్లి మాట రాకముందే తన జబ్బు సంగతి చెప్పాడు. సగం కుట్టిన పరుపు మీద కూర్చుని, నేల చూస్తూ. మర్నాడు ఆమె సెలవు పెట్టి, తనే ఆసుపత్రికి వెళ్లి, డాక్టరమ్మ ముందు కూర్చుని అడగాల్సినవన్నీ అడిగింది. మాత్ర తప్పకుండా వేసుకుంటే, అంకె కనిపించకుండా ఉంటే, ఒకే మంచం మీద పడుకున్నా ఆయన నుంచి నీకు రాదమ్మా అని ఆవిడ చెప్పింది. రానే రాదా అని ఇంకోసారి అడిగింది. రాదు అంది ఆవిడ.

"అయితే నువ్వు మాత్ర వేసుకో. నేను పరుపు తెస్తాను," అంది వచ్చి.

తెచ్చింది. తనే కుట్టింది. అంచులు రెండు వరసలు. ఆ కుట్లలో రేకు దూర్చడానికి కూడా సందు లేదు.

ఏళ్లు గడిచాయి. మంచి ఏళ్లే. ఆమెకు కోపం వస్తే మర్యాద పెరుగుతుంది. మామూలుగా నువ్వు అంటుంది, కోపంలో మీరు అంటుంది. ఆ మీరు ఏడాదికి రెండు మూడుసార్లు వినిపించేది. ఉప్పు కొనడం మర్చిపోయి వచ్చినప్పుడు, మందు కొట్టిన చొక్కాతో మంచం మీద కూర్చున్నప్పుడు. అంతకు మించిన తగాదా వాళ్ల ఇంట్లో ఎప్పుడూ జరగలేదు.

మరి ఎందుకు చేశాడు?

కష్టం వచ్చి కాదు. మాత్ర పడక కాదు. ఆ మాట అతన్ని తొలిచేసింది. కనిపించలేదు. ఎప్పుడు వెళ్లినా కనిపించలేదు. అతని వృత్తిలో ఆ మాట అనేది పని చేతకానివాడు. ఊరందరి మంచాలూ దులిపినవాడు సొంత ఒంట్లో పగుళ్లు ఎక్కడున్నాయో తెలియకుండా బతకడం — అది అతనికి నామోషీగా ఉండేది. ఎవరికీ చెప్పలేదు. చెబితే నవ్వుతారని తెలుసు.

ఒక రోజు ఒక ఇంట్లో ఎర బాగా పనిచేసింది. మందు కొట్టి వచ్చిన మర్నాడు వెళ్లి చూస్తే మంచం చుట్టూ ఎండిన మిరప గింజలు చల్లినట్టు పడి ఉన్నాయి. ఇంటాయన అతని చేతులు పట్టుకున్నాడు. ఆ సంతోషంలో ఇంటికి నడిచి వస్తుంటే అతనికి తోచింది.

మాత్ర వేస్తున్నంత కాలం అవి లేవవు.

లేవకపోతే చావవు.

లేపాలి. అన్నీ లేచి బయటికి వచ్చాక, అప్పుడు గట్టిగా మాత్ర వేస్తే...

ఆ సాయంత్రం భోజనం చేశాక మాత్ర వేసుకోలేదు. కొరివితో తల గోక్కోవడం అంటే ఇదే. కానీ గోక్కునేటప్పుడు హాయిగానే ఉంటుంది కాబోలు.

మొదటి రోజులు ఏమీ కాలేదు. నిజం చెప్పాలంటే చాలా బాగున్నాయి. అన్నం తిని, చెయ్యి కడుక్కుని, ఊరికే కూర్చునేవాడు. నీళ్లు దాహమైతేనే తాగేవాడు. అందరూ ఇలాగే కదా తింటారు, ఇలాగే కదా లేస్తారు అనుకునేవాడు. అంత చిన్న సంగతి అంత ఇష్టంగా ఉంటుందని అతను అనుకోలేదు.

మాత్రల సీసా అలమరలో దాని చోటే దానిది. ఆమె దాని వైపు చూసేది కాదు. ఇన్నేళ్లలో చూడాల్సిన అవసరం రాలేదు.

పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగుతోంది.

కొన్ని వారాలు అలా గడిచాయి. ఒక పగలు కొత్త కాపురం పెట్టిన జంట ఇంట్లో పని పడింది. మందు కొట్టడం అయింది. మంచం మారకూడదని మామూలుగా చెప్పాడు. ఆ కుర్రాడు కాస్త మొహమాటపడి, ఎరగా నేనొక్కణ్నీ పడుకుంటే చాలదా అండీ, మా ఆవిడ కూడా పడుకోవాలా అని అడిగాడు.

"మీరొక్కరు చాలు," అన్నాడు అతను. "పక్కన ఎవరున్నా వాళ్లనూ కుడతాయి. వాటికి మీరూ మీ ఆవిడా అని తేడా ఉండదు."

అన్నాక తన మాటే తనకు తగిలింది.

పిచికారీ చేతిలోనే ఉంది. చివర్న మందు చుక్క చుక్కగా నేల మీద పడుతోంది. కుర్రాడు ఏదో అడుగుతున్నాడు. అతనికి వినబడటం లేదు. తన ఒళ్లే ఎర వేసిన మంచం. ఆ మంచం మీద, ఇన్ని వారాలూ, పక్కనే... భయం. ఆసుపత్రిలో మొదటిసారి హెచ్‌ఐవీ అని విన్న రోజు కూడా ఇంత భయం వేయలేదు.

ఆ రాత్రి నుంచి ముందు గదిలో చాప వేసుకున్నాడు. నడుం నొప్పి అన్నాడు.

పరుపులు కుట్టే మనిషికి చెప్పే సాకేనా అది? ఆమె మొదట నవ్వింది. తర్వాత పరుపు తిరగేసి కుట్లన్నీ తడిమి చూసింది. తర్వాత నవ్వడం మానేసింది. తన మీద మోజు తీరిందేమో అనుకుంది, ఇంకెవరైనా ఉన్నారేమో అనుకుంది, అవన్నీ లోపలే అనుకుని షెడ్డుకు వెళ్లి వచ్చేది. సూదులు నోట్లో పెట్టుకున్నా మాట్లాడే మనిషి మాట్లాడటం తగ్గించింది.

అప్పుడైనా మళ్లీ మాత్ర వేసుకోవచ్చు. వేసుకోలేదు.

ఇంకొన్నాళ్లు అనుకున్నాడు. ఇంత దూరం వచ్చాక అన్నీ బయటికి రానీ అనుకున్నాడు. మెడ కింద గడ్డలు తేలాయి. సాయంత్రాలు ఒళ్లు కాగేది. చాప మీద పడుకుని ఆ గడ్డల్ని వేళ్లతో నొక్కి చూసుకుంటూ, వస్తున్నాయి, వస్తున్నాయి అనుకునేవాడు. సంతోషం లాంటిదే ఒకటి వేసేది. ఆ వెనకాలే ఆమె దగ్గు పక్క గదిలోంచి వినిపించేది. మామూలు దగ్గే, దూది దుమ్ముకు రోజూ వచ్చేదే. అతను లేచి కూర్చుని, ఇంకో దగ్గు వస్తుందేమోనని వినేవాడు.

ఆదివారం పొద్దున ఆమె అలమర దులిపింది.

నిండు కుండ తొణకదంటారు. నిండు సీసా కూడా చప్పుడు చెయ్యదు. ఎప్పుడు జరిపినా గలగలమనే సీసా ఆ రోజు మౌనంగా జరిగింది. ఆమె ఆగింది. చెవి దగ్గర పెట్టుకుని ఊపింది. మూత తీసి చూసింది. ఎప్పుడో తెచ్చిన సీసా, ఒక్క మాత్రా తగ్గలేదు. మూత పెట్టి, ముందు గదిలోకి వచ్చి, చాప మడతపెడుతున్న మనిషి ఎదురుగా కూర్చుంది.

"మంచం మారకూడదని ఊరందరికీ చెబుతారు కదా. మీరెందుకు మారారు?"

మీరు.

అతను చెప్పాడు. మొదటి నుంచి, ఏదీ దాచకుండా. నిద్రపోయేవాటిని లేపాలనుకోవడం, లేచాక ఒక్కసారిగా కొట్టాలనుకోవడం, ఆ కుర్రాడి ఇంట్లో తన మాటే తనకు తగలడం. చెబుతుంటే తనకే అదంతా ఇంకెవరో తెలివితక్కువవాడి కథలా వినిపించింది. ఆమె చేతిలో సీసా అటూ ఇటూ తిప్పుతూ వింది.

"మందు లేని గదిలో ఎర పెట్టారా?" అంది చివరికి.

అతని వృత్తిలో మొదటి పాఠం అది. తనే ఆమెకు చెప్పాడు, పెళ్లయిన కొత్తల్లో, గొప్పగా.

"లేచినవి ఊరికే కూర్చుంటాయా? గుడ్లు పెట్టవూ?"

"పెడతాయి."

"ఆ మంచం మీద నేనూ ఉన్నానా?"

"ఉన్నావు. మొదట్లో... కొన్ని వారాలు."

ఆమె లేచి కిటికీ దాకా వెళ్లింది. వీధిలో ఎవరో సైకిలుకు గాలి కొడుతున్నారు. ఆ చప్పుడు అయిపోయేదాకా అక్కడే నిలబడింది. ఆమెకు కోపం వచ్చింది, అతన్ని కొట్టాలన్నంత కోపం. దాని కన్నా ముందు భయం వేసింది. తన చేతుల వైపు చూసుకుంది. రోజూ సూదులు గుచ్చుకునే చేతులు. ఇన్నేళ్లూ ఆ రక్తాన్ని చీర కొంగుకు తుడుచుకుని మళ్లీ పనిలో పడిన చేతులు.

"రేపు ఆసుపత్రికి పదండి," అంది.

డాక్టరమ్మ తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది అతనికి. మెడ కింద తడిమి చూసి, రక్తం తీయించి, ఫలితం వచ్చాక ఇద్దర్నీ ఎదురుగా కూర్చోబెట్టింది. అంకె కనిపిస్తోంది. మామూలుగా కాదు, చాలా పెద్దది. లేచినవి లేచాయి, కొత్త కణాల్లో దూరాయి, అక్కడ మళ్లీ కొన్ని నిద్రపోయే ఉంటాయి. మాత్ర వేస్తే అంకె దిగుతుంది. పాత మాత్రకే లొంగుతుందా లేదా అన్నదానికి ఇంకో పరీక్ష పంపాలి. కొత్తగా పడుకున్నవి మాత్రం ఎక్కడున్నాయో, ఎన్నున్నాయో చెప్పగలిగే పరీక్ష తన దగ్గర లేదంది.

"నిద్ర లేపి చంపాలని పెద్ద పెద్ద శాస్త్రవేత్తలు కూడా చూస్తున్నారండీ," అంది. "మీ ఆలోచన పిచ్చిది కాదు. లేచినవాటిని చంపే మందు మీ దగ్గర లేదు. మా దగ్గరా ఇంకా లేదు."

అతనికి ఆ మాట ఓదార్పుగా అనిపించలేదు.

ఆమె చెయ్యి చాపింది. రక్తం తీసే అమ్మాయి నరం వెతుకుతుంటే, సూది తన చేతికి కొత్తేమీ కాదని ఆ అమ్మాయికే ధైర్యం చెప్పింది. అతను బయట బల్ల మీద కూర్చున్నాడు. పక్కన ఎవరో ముసలాయన వాళ్ల ఇంట్లో నల్లుల గురించి అడిగాడు. పేరు తెలియకపోయినా మొహం తెలుసు కదా జనానికి. అతను మంచం మారకండి అనబోయి, లోపలి గది తలుపు వైపు చూస్తూ కూర్చున్నాడు.

ఆమె పరీక్షలో ఏమీ కనిపించలేదు.

డాక్టరమ్మ ఆ మాట అనగానే ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎవరూ నవ్వలేదు. కొన్ని వారాలాగి మళ్లీ చూడాలి, అప్పుడు గానీ గట్టిగా చెప్పలేనంది ఆవిడ. ఆయన అంకె దిగేదాకా జాగ్రత్తలు చెప్పింది. అప్పటిదాకా ఆమెనూ రోజుకొక మాత్ర వేసుకోమంది, రాకుండా ఆపడానికి. మందుల కిటికీ దగ్గర రెండు సీసాలు ఇచ్చారు. ఆమె రెంటినీ తన సంచిలోనే వేసుకుంది. అతను చెయ్యి చాపినా ఇవ్వలేదు.

బస్సులో పక్కపక్కనే కూర్చున్నారు. అతనికి క్షమించమని అడగాలని ఉంది. ఏ మాటతో మొదలుపెట్టినా అది చాలదనిపించింది. ఇన్నేళ్లూ ఆ మాత్ర తన కోసం వేసుకుంటున్నాననే అనుకున్నాడు. తన బరువు, తన గోల, తను దించుకుంటే దిగిపోయేది అనుకున్నాడు. ఈమె నిద్ర దాని మీద ఆనుకుని ఉందని ఒక్క రోజూ తట్టలేదు. కిటికీ వైపు తిరిగి కూర్చున్న ఆమె మెడ మీద ఒక దూది పోగు అంటుకుని ఉంది. తీయడానికి అతనికి చెయ్యి రాలేదు.

సాయంత్రం అన్నం తిన్నారు. ఆమె రెండు గ్లాసుల్లో నీళ్లు పోసి బల్ల మీద పెట్టింది.

అతను తనది వేసుకున్నాడు. అలవాటైన గొంతు, ఒక్క గుక్కలో దిగింది.

ఆమె తన మాత్రను అరచేతిలో పెట్టుకుని చూసింది. తలనొప్పికి కూడా మాత్ర వేసుకోని మనిషి. వేలితో అటూ ఇటూ దొర్లించింది. నాలుక మీద పెట్టుకుని నీళ్లు తాగింది. నీళ్లు దిగాయి, మాత్ర దిగలేదు. దగ్గింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇంకో గుక్క తాగింది.

"రోజూ ఇంతేనా?" అంది, గొంతు సరిచేసుకుని.

"మొదట్లో. తర్వాత అలవాటవుతుంది."

"ఇన్నేళ్లూ ఒక్కసారన్నా చెప్పలేదేం?"

అతను ఆమె గ్లాసులో ఇంకొన్ని నీళ్లు పోశాడు.

"నాకు భయంగా ఉంది," అంది ఆమె.

"నాకూ," అన్నాడు.

ఆమె ఇంకొంచెం నీళ్లు తాగింది. గొంతు మీద చెయ్యి వేసుకుని, మింగి చూసుకుని, మళ్లీ మింగింది. అతను ఆ చేతి వైపే చూస్తూ కూర్చున్నాడు. లోపలికి దిగిందో, ఇంకా అక్కడే ఎక్కడో ఆగి ఉందో ఇద్దరికీ తెలియలేదు.